కోడిగుడ్లకూ కవిత్వానికీ మధ్య ఒక గది

తెలివితక్కువతనంలో కూడా తరగతులుంటాయి. తెలియక చేసేది ప్రాథమిక పాఠశాల. తెలిసీ చేసేది ఉన్నత పాఠశాల. చేస్తున్నంతసేపూ "అబ్బ, ఎంత గొప్ప పని చేస్తున్నానో" అని మీసం సవరించుకుంటూ చేసేది విశ్వవిద్యాలయం. నేను చెప్పబోయేది ఆ మూడో రకం. ఆ పట్టా నాకెవరూ దానం చేయలేదు, స్వయంకృషితో సంపాదించుకున్నాను. దాని పుణ్యాన ఒక ఊరి జనానికి బస్సులు తప్పిపోయాయి, ఏళ్ళ తరబడి నిక్షేపంగా సాగిన మిరపకాయల బేరం చెడింది, చివరికి నా పరువును తీసుకెళ్ళి ఒక తలుపుకు అంటించారు. ఇప్పటికీ అక్కడే ఉంది. కావాలంటే వచ్చి చూడవచ్చు. కాకపోతే ఊరి పేరు చెప్పను. రొంపిచెర్ల దాటాక వస్తుంది, అంతవరకే. పేరు చెబితే రేపు నేను ఆ స్టాపులో బస్సు దిగలేను.

నేను తెలుగు మాస్టారిని. కాపురం నరసరావుపేటలో, ఉద్యోగం ఆ ఊరి హైస్కూల్లో, జీవితం ఎక్కువభాగం ఆ రెంటి మధ్యన బస్సులో. తెలుగు చెప్పేవాడికి వేరే పనేముంటుందన్న గట్టి నమ్మకంతో లైబ్రరీ కూడా నాకే అప్పగించారు. రోడ్డు వైపు రెండు పెద్ద కిటికీలున్న గది. బీరువాల్లో ఒకటి తెరుచుకోదు, ఇంకొకటి మూసుకోదు. పిల్లలకు వారానికో పీరియడ్ అక్కడ. నాకు కూడా, అనుకోండి. ఆ సంగతి తర్వాత వస్తుంది. నేను ఎంత వద్దనుకున్నా వస్తుంది.

ఒకరోజు హెచ్చెమ్ ఆంజనేయులు గారు పిలిపించారు. లెక్కల మనిషి. ఆయన ముందున్న బల్లకు ఒక కాలు పొట్టి, దాని కింద ఏదో మందంగా పెట్టి నిలబెట్టారు. ఏం పెట్టారో నేను చూడలేదు. బల్ల కిందికి తొంగి చూసే స్థాయికి నేనింకా దిగజారలేదు అప్పటికి.

"రావయ్యా. ఆ లైబ్రరీ గదిలో ఏం జరుగుతోంది?"

"పఠనం సార్."

"ఎవరు పఠిస్తున్నారు?"

నేను ఆలోచించాను. చెదపురుగుల పేరు చెప్పడం బాగుండదనిపించింది.

"మధ్యాహ్న భోజనం గుడ్లు పెట్టడానికి చోటు లేదయ్యా. వరండాలో పెడితే ఎలకలు. స్టాఫ్ రూములో పెడితే లెక్క తగ్గుతోంది. అక్కడ కూడా ఎలకలే అనుకుందాం. ఆ గది గుడ్లకిచ్చేద్దాం. పుస్తకం ఎవరూ ముట్టుకోకపోయినా పాడవ్వదు, గుడ్డు పాడవుతుంది. తేల్చు, ఏది ముందు?"

గుడ్డు ముందా అనే ప్రశ్నకు పెద్దపెద్దవాళ్ళే సమాధానం చెప్పలేకపోయారు. నేను మాత్రం చెప్పాను. అక్కడే వచ్చింది చిక్కు.

"సార్, పేరెంట్స్ మీటింగు దాకా ఆగండి. లైబ్రరీ ద్వారా పిల్లల చేత కవిత్వం రాయిస్తాను. ఊరంతా వచ్చి చదివేట్టు చేస్తాను."

"ఊరంతా?"

"ఊరంతా!"

"చదవకపోతే?"

"గది గుడ్లకిచ్చేయండి."

ఆయన జాలిగా చూశారు. పరీక్షలో తప్పు సూత్రంతో లెక్క మొదలుపెట్టిన కుర్రాడిని చూసినట్టు.

మొదట ఒక నిబంధన తయారు చేశాను. "పుస్తకం సమయానికి తిరిగి ఇవ్వనివారు, ఎంతటివారైనా సరే, జరిమానాగా ఒక కవిత రాయవలెను." దాని కింద హెచ్చెమ్ గారి సంతకం, స్కూలు ముద్ర వేయించి లైబ్రరీ గోడకు తగిలించాను. నా లెక్క ఏమిటంటే పిల్లలు ఎటూ ఆలస్యం చేస్తారు, కవితలు కుప్పలుగా పడతాయి. ఏం జరిగిందంటే, ఆ ఊరి చరిత్రలో ఎన్నడూ లేనంత క్రమశిక్షణ వచ్చిపడింది. పొద్దున తీసుకున్న పుస్తకం మధ్యాహ్నానికి తెచ్చేవాళ్ళు. ఒకడు గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "భయమేస్తంది సార్, మీరే ఉంచుకోండి" అని చేతిలో పెట్టి పరిగెత్తాడు.

సరే, రాయమని బతిమాలాను. రాశారు. క్లాసంతా అమ్మ మీద రాశారు. అందరి అమ్మా దేవతే, అందరి అమ్మా దీపమే, అక్షరం తేడా లేదు. ఇంత క్లాసుకీ ఒకే అమ్మ ఎలా అని విచారిస్తే, ఫోన్లో దొరికిందన్నారు.

అప్పుడు నాకు ఆవేశం వచ్చింది. ఆవేశం వచ్చినప్పుడు నేను బల్ల మీద చేయి కొట్టి మాట్లాడతాను. అప్పుడు ఎవరైనా ఆ చేయి పట్టుకుని ఆపి ఉంటే ఎంత బాగుండేది!

"అమ్మ వద్దు, చందమామ వద్దు, పువ్వులు అసలే వద్దు. మీ ఇంట్లో మీరు కళ్ళతో చూసింది, చెవులతో విన్నది ఉన్నది ఉన్నట్టు రాయండి!"

ఎనిమిదో తరగతి శ్రావణి లేచింది. "ఇంట్లో సంగతులు బయట చెప్తే మా అమ్మ కొడుద్ది సార్."

"చెప్పడం వేరు, కవిత రాయడం వేరు. కవిత్వాన్ని ఎవరూ కొట్టరు."

"పేర్లు కూడా పెట్టాలా సార్?" వెనక బెంచీలోంచి గోపి అడిగాడు.

"కవి తన పేరు ధైర్యంగా పెట్టుకోవాలి."

"నాది కాదు సార్, మా నాన్నది."

"నిస్సందేహంగా!"

చదువుతున్న మీకు ఇప్పటికే చెమటలు పట్టి ఉంటాయి. నాకు పట్టలేదు. పైగా ఆ కవితలను పెద్ద పెద్ద అక్షరాలతో రాయించి, రోడ్డు వైపు కిటికీలకు, బయటికి కనపడేట్టు అంటించాను. ఆ కిటికీలకు ఎదురుగా బస్ స్టాపు. దాని పక్కనే మస్తాన్ టీ కొట్టు. ఇంతకన్నా మంచి పాఠకులు ఏ కవికి దొరుకుతారు? వాళ్ళకు వేరే పని లేదు, బస్సు రాదు.

మొదటిది శ్రావణి కవిత:

మా నాయనమ్మ తిరపతమ్మకు చెవుడు.
పిలిస్తే వినపడదు.
మందు వేసుకోమంటే వినపడదు.
అమ్మ పెరట్లో నోట్లో నోట్లో గొణుక్కుంటే
వసారాలోంచి అడుగుతుంది:
"ఏందే, నన్నేనా?"

జనం ఆగారు. చదివారు. చదవడం రానివాళ్ళకు మస్తాన్ టీ పోస్తూ పోస్తూ గట్టిగా చదివి వినిపించడం మొదలుపెట్టాడు. మూడో రోజుకల్లా కొట్టు ముందు బెంచీ చాలక ఇంకొకటి వేశాడు. శ్రావణి వాళ్ళమ్మ నాకు నమస్కారం పెట్టడం మానేసింది గానీ, తిరపతమ్మ గారు మాత్రం పొద్దున్నే వచ్చి బెంచీ మొదట్లో కూర్చునేది.

"సారూ, రోజూ కొత్తది అంటించండి," అన్నాడు మస్తాన్. "జనానికి బస్సులు తప్పిపోతన్నయ్. బస్సు పోతే ఇంకో టీ తాగుతన్నారు. మీ కవిత్వం చానా బాగుంది."

నా జీవితంలో నేను విన్న మొదటి విమర్శ అది. మీసం సవరించుకున్నాను.

ఆ తర్వాత గోపి కవిత ఎక్కింది.

మా నాన్న కోటయ్య మిరపకాయలకు స్నానం చేయిస్తాడు.
తెల్లారితే చలమయ్య గారు చూపులకు వస్తారని.
పొడిగా ఉంటే బక్కగా కనపడతాయంట.
తడి గోతాంలో కూర్చుని అవి
నిండుగా, బరువుగా,
సిగ్గుతో ఇంకా ఎర్రగా అవుతాయి.

చదివి నేను కళ్ళు తుడుచుకున్నాను. పెళ్ళిచూపులతో పోల్చాడు చూశారా! తూకానికి ముందు మిరపకాయలకు నీళ్ళు చల్లుతారన్న సంగతి ఆ క్షణాన నా బుర్రకు ఎక్కనే లేదు. ఉపమాలంకారం అడ్డం వచ్చింది.

మర్నాడు మస్తాన్ కొట్టు దగ్గర ఒక పెద్దమనిషి టీ తాగుతున్నాడు. నరసరావుపేట నుంచి సరుకు కొనడానికి వచ్చిన చలమయ్య గారు. మస్తాన్‌కు ఎవరు వచ్చారన్నది ముఖ్యం కాదు, చదవడం ముఖ్యం. గొంతు సవరించుకుని చదివాడు. చలమయ్య గారు టీ సగంలో ఆపి గ్లాసు కింద పెట్టారట. గంట తిరక్కముందే కోటయ్య మా క్లాసు గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. భుజం మీది తువ్వాలు చేతిలోకి వచ్చి ఉంది. పల్నాట్లో తువ్వాలు భుజం దిగిందంటే మాట పెరుగుతుందని అర్థం.

"ఏందయ్యా మేష్టారూ, నేను నీకేం అపకారం చేశా?"

"ఏమైంది కోటయ్య గారూ?"

"నా మిరపకాయలకి స్నానమేంది, చూపులేంది, సిగ్గేంది?"

"అది పోలిక కోటయ్య గారూ. చాలా గొప్ప పోలిక."

"పోలిక బానే ఉంది. బేరమే పోయింది!"

"అయినా తడపడం తప్పు కదండీ?" అన్నాను, నీతిశతకం మొత్తం నేనే రాసినట్టు.

ఆయన నన్ను చూసిన చూపులో కోపం కన్నా ఆశ్చర్యం ఎక్కువ. "ఏందయ్యా నువ్వు! ఆయన తడుందని తూకంలో తరుగు తీస్తాడు. ఆయన తరుగు తీస్తాడని నేను తడుపుతా. నేను తడుపుతానని ఆయన తీస్తాడు. ఎవుడికీ నష్టం లేకుండా మా నాయన కాలం నుంచి సజావుగా నడస్తంది. తడి ఉందని ఆయన, లేదని నేను, కాసేపు అరుసుకుని బేరం తెంపుకుంటాం. ఇప్పుడేమంటన్నాడో తెలుసా? 'కోటయ్యా, ఇంక అరవక్కర్లేదుగా, రాతలోనే ఉంది, తరుగు రెట్టింపు' అంటన్నాడు. మధ్యలో నీ కవిత్వం ఏందయ్యా?"

వెనక బెంచీలో గోపి బల్ల కిందికి జారిపోయాడు. నాకూ జారిపోవాలనే ఉంది, కానీ మాస్టారి బల్ల కింద చోటు తక్కువ.

"మీటింగులో తేలుద్దాం," అని కోటయ్య తువ్వాలు విదిలించి వెళ్ళిపోయాడు.

మీటింగు రోజు షామియానా నిండిపోయింది. అంతకుముందు మీటింగులకు తల్లిదండ్రుల కన్నా కుర్చీలు ఎక్కువ ఉండేవి. ఈసారి కుర్చీలు లేక గోడలెక్కారు. ఊరంతా వస్తుందన్నాను కదా, వచ్చింది. చదవడానికి కాదు, నన్ను చూడటానికి. చలమయ్య గారు కూడా ఒక మూల నిలబడి ఉన్నారు.

హెచ్చెమ్ గారు మైకు అందుకున్నారు.

"కవిత్వం పేరుతో ఊళ్ళో జరిగిన అసౌకర్యానికి పాఠశాల తరఫున చింతిస్తున్నాం. కిటికీలకున్న కాగితాలన్నీ ఇప్పుడే తీసేస్తాం. రేపటి నుంచి ఆ గది కోడిగుడ్లకు."

నా గుండె గుడ్డులా పగిలింది. ఎంత చెదలు పట్టినా నా గది అది. పోనీ నాది కాదు. ఆ నెలలో మొదటిసారి శ్రావణి, గోపి లాంటి పిల్లలు పీరియడ్ అయిపోయినా ఆ గదిలోంచి కదలకుండా కూర్చుని రాశారు. వాళ్ళది. లేచి ఏదో అనబోయాను. హెచ్చెమ్ గారు చేయి ఎత్తారు.

"ఆగవయ్యా. తీసేముందు ఒకటి చదవాలి. ఇది ఇంకా అంటించలేదు, అంటించవలసిన మాస్టారికి చూపించడానికి పిల్లలు భయపడి నాకిచ్చారు. మన మస్తాన్ కూతురు రేష్మా రాసింది."

చదివారు. మైకులో చదివారు.

లైబ్రరీ పీరియడ్‌లో మా తెలుగు సారు
పుస్తకాన్ని ముఖానికి దగ్గరగా పెట్టుకుంటారు.
చానా దగ్గరగా.
పేజీ కదలదు. మీసం కదులుద్ది.
మేము చప్పుడు చేయకుండా చదువుకుంటాం,
పుస్తకం నిద్ర లేస్తదేమోనని.

షామియానా కర్రలు ఊగేట్టు నవ్వారు. హెచ్చెమ్ గారు నవ్వడం నేను అదే మొదటిసారి చూడటం. ఆయనకు అంత మంచి పలువరుస ఉందని అప్పుడే తెలిసింది. కోటయ్య నవ్వీ నవ్వీ తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. తుడుచుకున్న తువ్వాలు మళ్ళీ భుజం ఎక్కింది. ఉన్నది ఉన్నట్టు రాయమన్న మనిషిని కూడా వదిలిపెట్టలేదు పిల్లలు, అన్న తృప్తి కాబోలు.

నవ్వులు సద్దుమణగక ముందే ముందు వరసలోంచి ఒక గొంతు వచ్చింది.

"ఏందీ, గుడ్లు పెడతారా ఆడ?"

తిరపతమ్మ గారు. పక్కన శ్రావణి నెమ్మదిగా, "నీకు వినపడిందా నాయనమ్మా?" అంది.

"వినపడకేం! మా పిల్ల రాసింది నిజమే, నాకు కావాల్సింది నాకు వినపడుద్ది. ఇదిగో అబ్బాయ్ ఆంజనేయులూ, పొద్దునపూట నలుగురి సంగతులూ మస్తాను చదివి చెప్తంటే ఇంత ఊసుపోతంది. నువ్వు గుడ్లు పెడితే నేనేం వినాల? గుడ్లు మాట్లాడతయ్యా?"

"అది కాదమ్మా..."

"ఆగండి హెచ్చెమ్ గారూ," కోటయ్య లేచాడు. నేను కళ్ళు మూసుకున్నాను. "నా ఇంటి సంగతి ఊరంతా చదివాక ఇప్పుడు కిటికీ మూసేస్తానంటే ఎట్టా? తడి మీద రాసినోడు తరుగు మీద కూడా రాయాల. మా గోపిగాడు రాస్తాడు. అదీ అంటించాల. నాది చదివినోళ్ళందరూ అదీ చదివిందాకా గది కదలడానికి ఈల్లేదు."

"మరి మా పక్కింటోళ్ళది?" అని ఎవరో ఆడమనిషి. "మా ఇంటిదే రాయించి వాళ్ళది వదిలేస్తారా?"

"మా వీధిది ఒక్కటీ రాలేదు. మేమేం పాపం చేశాం?"

హెచ్చెమ్ గారు మైకు కిందికీ పైకీ చూశారు. లెక్క తప్పింది. "అంటే, మీకందరికీ లైబ్రరీ కావాలంటారు?"

"కావాల!"

అది నా జీవితంలో అత్యంత మహోన్నతమైన ఘట్టం. కాకపోతే దానికి కారణం కవిత్వం మీద ప్రేమ కాదు, పక్కింటి మీద ప్రేమ. అయినా ఆ రోజు నేను ఎంచుకునే స్థితిలో లేను.

గది నిలిచింది. అయితే లెక్కల మాస్టారు ఊరికే ఓడిపోరు. రెండు షరతులు పెట్టారు. ఒకటి, కవితలు కిటికీలకు కాదు, గది లోపలి గోడలకే. చదవాలంటే లోపలికి రావాలి. రెండు, గది తలుపు మీద రేష్మా కవిత శాశ్వతంగా ఉండాలి.

"శాశ్వతంగానా సార్?"

"ఎంతటివారైనా సరే, అన్నావు కదయ్యా."

గోపి తరుగు కవిత రాశాడు. "చలమయ్య గారు బస్తాలో చెయ్యి పెట్టి తీసి దులుపుతారు. ఒక చుక్క పడుతుంది. ఆ చుక్క బరువు రెండు కిలోలు." చలమయ్య గారు స్వయంగా లోపలికి వచ్చి చదివి, మస్తాన్ దగ్గర టీ తెప్పించుకుని, కోటయ్యతో పాత పద్ధతిలోనే కాసేపు అరుచుకుని, పాత తరుగుకే బేరం కుదుర్చుకున్నారు. ఊరు కుదుటపడింది. గది చదివేవాళ్ళతో నిండింది. నేను మాత్రం రోజూ నా మీసాన్ని దాటుకుంటూ ఆ తలుపులోంచి లోపలికి వెళ్ళాల్సి వచ్చేది. కొత్తగా వచ్చినవాళ్ళు ముందు తలుపు చదివి, తర్వాత నా ముఖం చదివేవాళ్ళు.

ఇక గుడ్లు. వాటికి వేరే చోటు లేక హెచ్చెమ్ గారి గదిలోకే చేరాయి. ట్రేలు మోయడానికి పిల్లలను పంపాను. బల్ల మీద కొన్ని ట్రేలు సర్ది, మిగతావి బల్ల కింద పెట్టడానికి వంగిన రేష్మా అక్కడే ఆగిపోయింది.

"సార్, ఇక్కడ మన లైబ్రరీ పుస్తకం ఉంది! ముద్ర కూడా ఉంది!"

ఇప్పుడు నేను బల్లల కింద చూసే స్థాయికి హాయిగా దిగాను. పొట్టి కాలు కింద లావుపాటి పుస్తకం. కోళ్ళ పెంపకం మీద. ఆయనకు గుడ్ల మీద అంత మమకారం ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడర్థమైంది.

"అది... రిఫరెన్సు," అన్నారు హెచ్చెమ్ గారు.

"గోడ మీద మీ సంతకం ఉంది సార్," అన్నాను ఎంతో వినయంగా. "ఎంతటివారైనా సరే."

గుమ్మం నిండా పిల్లలు. ఆయన తప్పించుకోలేకపోయారు. మర్నాడు రాసి తెచ్చారు:

ఒక బల్ల. నాలుగు కాళ్ళు.
ఒకటి పొట్టిది.
మిగిలిన మూడూ ఒప్పే.
అయినా ఊగుతున్నది మొత్తం బల్ల.
కావున నిరూపించడమైనది.

నా బాధ ఎవరితో చెప్పుకోను? ఆ గోడ మీదున్న వాటిలో అది చాలా మంచి కవిత. ఏళ్ళ తరబడి ఛందస్సుతో కుస్తీ పట్టిన నేను అలాంటిది ఒక్కటీ రాయలేదు. ఊరంతా మెచ్చుకుంది. తిరపతమ్మ గారు రెండుసార్లు చదివించుకుంది. "పాపం, ఆ పొట్టికాలు ఆ తెలుగు పంతులేనా?" అని కూడా అడిగిందట.

అంతా అయ్యాక హెచ్చెమ్ గారు పిలిచారు. "జరిమానా కట్టాను కదయ్యా. ఆ పుస్తకం మళ్ళీ నా పేరున ఇవ్వు. బల్ల ఊగుతోంది."

"క్షమించండి సార్. వేరే పాఠకుడు తీసుకున్నాడు."

"కోళ్ళ పెంపకం చదివేదెవరయ్యా ఈ స్కూల్లో?"

"నేనే సార్. లైబ్రరీ పీరియడ్‌లో."

ఆ పుస్తకం చాలా బాగుంటుంది. వెడల్పు అట్ట. ముఖానికి దగ్గరగా పెట్టుకుంటే మీసం కూడా కనపడదు. గడువు తీరకముందే తిరిగి ఇస్తాను, మళ్ళీ నా పేరునే తీసుకుంటాను. నిబంధనల్లో దానికి అడ్డు లేదు. ఆ నిబంధనలు రాసింది నేనే.

ఇకపోతే, ఏ జన్మలోనూ, ఏ బడిలోనూ, ఏ పిల్లలకూ "ఉన్నది ఉన్నట్టు రాయండి" అని చెప్పనని ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఈ ప్రమాణం మొదట హెచ్చెమ్ గారి గదిలో, ఆయన బల్ల మీద గట్టిగా చేయి వేసి చేశాను. బల్ల ఒరిగింది. ఆయన సంతకం చేస్తున్న కలం వదిలేసి రెండు చేతులా గుడ్ల ట్రేలు పట్టుకున్నారు.

ప్రమాణం గట్టిపడాలని రోజూ ఒకసారి వెళ్ళి మళ్ళీ చేసి వస్తున్నాను.